హీటర్ ఆర్పిన చెయ్యి

“సంతకం మాత్రం పెట్టను. మీరు ఎవరి తరఫున వచ్చినా సరే, ముందే చెప్తున్నా.”

స్టేషన్ వెనక గదిలో బల్లకి అటు పక్క కూర్చున్న ఎలక్ట్రీషియన్ మొహం ఎత్తకుండానే అంది. నిద్రలేక కళ్ళు పీక్కుపోయాయి గానీ గొంతులో బింకం సడలలేదు. ముందున్న వాంగ్మూలం కాగితాన్ని వేలితో నెట్టి నెట్టి బల్ల అంచుదాకా తెచ్చింది. ఇంకో నెట్టు నెడితే కింద పడుతుంది.

డిటెక్టివ్ ఆ కాగితాన్ని తిరగేసి, దాని మీద తన కళ్ళజోడు డబ్బా పెట్టింది. “నేను మీ అత్తగారి తరఫున వచ్చాను” అంది.

అప్పుడు ఎత్తింది మొహం. “మా అత్తా? మిమ్మల్ని పెట్టింది మా అత్తేనా?”

“నిన్న పొద్దున నా ఆఫీసుకొచ్చి కూర్చుంది. ఒప్పుకునేదాకా లేవలేదు. ‘మా కోడలు నాతో రోజూ పోట్లాడుతుంది, ఒక్క మాట కూడా తగ్గదు. అబద్ధం మాత్రం ఆడదు. ఆడటం వచ్చి ఉంటే మా ఇంట్లో సగం గొడవలు ఉండేవి కావు’ అంది.”

ఎలక్ట్రీషియన్ పెదవి చివర నవ్వులాంటిది ఒకటి కదిలి ఆగిపోయింది. చేతుల్లోకి మొహం దించుకుంది. డిటెక్టివ్ తొందరపెట్టలేదు. ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీల కోసం కాలిపోయిన గోడౌన్లలో బూడిద జల్లించిన మనిషి ఆమె. మనుషులైనా బూడిదైనా చల్లారనిస్తేనే నిజం చెప్తాయని ఆమె నమ్మకం.

సంగతి ఊరంతా తెలిసిందే. సోమవారం పొద్దున ఫర్నిచర్ కార్ఖానాలో యజమాని పెద్దాయన శవమై పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. చెక్కలు బిగించే ఇనప క్లాంపు పక్కనే పడి ఉంది. డాక్టరు వచ్చేసరికి ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది కాబట్టి తెల్లవారుజామునే పోయాడని తేల్చారు. ఆ వేళప్పుడు తాళంచెవితో లోపలికి వచ్చింది ఈ ఎలక్ట్రీషియన్ ఒక్కతే. పైగా వారం కిందట పనివాళ్ళందరి ముందూ పెద్దాయనతో కేకలేసుకుంది. పోలీసులకు ఇంకేం కావాలి?

“సోమవారం ఏం జరిగిందో చెప్పు. వాళ్ళకు చెప్పినట్టు కాదు, నీకు జరిగినట్టు.”

“ప్రతి సోమవారం పనివాళ్ళు రాకముందే వెళ్ళి హీటర్ చూసుకుంటాను. వేడిగాలి హీటరు, గదంత ఉంటుంది. చలికాలంలో అది లేకపోతే వాళ్ళ జిగురు ఆరదు. తాళం తీసి అడుగుపెట్టగానే మొహానికి వెచ్చగా తగిలింది. శనివారం సాయంత్రం ఆగిన హీటరు. ఆదివారం మూత. లోపల ఐసుగడ్డలా ఉండాలి కదా మరి?”

“ఈ మాట పోలీసులకు చెప్పావా?”

“మూడుసార్లు. ‘హీటరు నువ్వే వేశానంటున్నావు, వెచ్చగా ఉండదా’ అన్నాడు ఆ ఇన్స్పెక్టర్. వేశాక కాదు స్వామీ, వెయ్యకముందు అని మొత్తుకున్నాను. రాసుకోలేదు. రాసుకోని కాగితం మీద నేనెందుకు సంతకం పెడతాను?”

“పెట్టొద్దు. తర్వాత?”

“గోడ మీద మెయిన్ స్విచ్చు ఆర్పేసి ఉంది. ‘దీన్ని ఆర్పకూడదు’ అని నా చేత్తో రాసి అంటించాను దాని పైనే. ఏ మహానుభావుడు ఆర్పాడో అని తిట్టుకుంటూ వేశాను. ఎర్ర లైటు వెలిగింది. అంటే హీటరు తనంతట తాను తాళం వేసుకుందన్నమాట. బటన్ నొక్కితే అంటుకుంది. అటు చివర గోడ మీద గది వేడి కొలిచే థర్మోస్టాట్ ఉంటుంది, దాన్ని చూద్దామని వెళ్తుంటే పలకల దొంతర వెనక కాళ్ళు కనిపించాయి.” ఆమె చూపు నేల మీదికి దిగింది. “పాలిష్ చేసిన చెప్పులు. ఆయన చెప్పులు ఎప్పుడూ మెరుస్తుంటాయి.”

డిటెక్టివ్ అడిగింది. “అది తాళం ఎందుకు వేసుకుంటుంది?”

“లోపల కొలిమి, బయట ఫ్యాను. అంతే దాని సంసారం. కొలిమి ఆగిపోయినా ఫ్యాను ఆగకూడదు. లోపలి ఇనుము చల్లారేదాకా తిరగాలి. అందుకే థర్మోస్టాట్ గానీ టైమర్ గానీ కొలిమినే ఆపుతాయి, ఫ్యాను జోలికి పోవు. అదే ఎవడైనా వచ్చి మెయిన్ స్విచ్చు ఆర్పాడనుకోండి, రెండూ ఒక్కసారే ఆగుతాయి. పరిగెత్తి వచ్చినవాడి ముక్కూ నోరూ మూసినట్టు. వేడికి పోయే దారి ఉండదు. అప్పుడు లోపల కాపలా ఉన్న ఇంకో థర్మోస్టాట్ టక్కుమని తాళం వేసేస్తుంది. మనిషి వచ్చి బటన్ నొక్కితే తప్ప మళ్ళీ వెలగదు.”

“చల్లగా ఉన్న హీటర్‌కి స్విచ్చు ఆర్పితే?”

“ఏమీ కాదు. చల్లగా ఉన్నదానికి...” ఎలక్ట్రీషియన్ ఆగిపోయింది. డిటెక్టివ్ మొహంలోకి చూసింది. “అది మండుతూ ఉండగా ఆర్పారు. ఆదివారం రాత్రి ఎవరో దాన్ని మండించారు.”

“నీ థర్మోస్టాట్ ఊరుకుంటుందా?”

“పదహారు డిగ్రీలు దాటనివ్వదు. దానికి మూత బిగించి తాళం వేశాను, తాళంచెవి నా దగ్గరే ఉంది. ఆదివారం అసలు టైమరే ఒప్పుకోదు. కానీ...” వేలితో బల్ల మీద గీత గీసింది. “టైమరూ థర్మోస్టాటూ ఒకే దారిలో ఉంటాయి. హీటరు పక్కన పెట్టెలో ఆ దారి మొదలూ చివరా వచ్చి కలుస్తాయి. ఆ రెంటి మధ్య ముక్క వైరు బిగించేస్తే ఆ కాపలావాళ్ళిద్దరూ ఉన్నా లేనట్టే. తెల్లవార్లూ మండుతుంది. కానీ నా పెట్టెని ముట్టుకుంటే నాకు తెలిసిపోతుంది మేడమ్. ప్రతి మర మీదా ఎర్ర రంగుతో సన్నగా గీత గీస్తాను. మర కదిలితే గీత విరుగుతుంది.”

“పెద్దాయనతో గొడవ దేనికి?”

“థర్మోస్టాట్‌ని తలుపు పక్కకి మార్చమన్నాడు. అక్కడ చలిగాలి తగులుతుంది. గదంతా ఉడికిపోతున్నా పాపం దానికి చలిగానే ఉంటుంది, హీటర్‌ని ఆపనివ్వదు. మార్చనన్నాను. మీ పలకలన్నీ పాత చెప్పుల్లా వంగుతాయి అన్నాను. పొమ్మన్నాడు. పోనన్నాను. మర్నాడు ఆయనే పిలిచి టీ ఇప్పించాడు. అదీ మా పగ.”

తలుపు తెరుచుకుంది. గడప మీద ఇన్స్పెక్టర్ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ నలగని యూనిఫాం, మెడ మీద గడ్డం గీసుకున్నప్పటి తాజా గాటు.

“టైమైపోయింది వదినా” అన్నాడు.

ఆయన డిటెక్టివ్‌కి సొంత మరిది. పోయిన భర్తకు ఒక్కగానొక్క తమ్ముడు.

*

కార్ఖానా తలుపు మీద సీలు ఉంది. దాని ముందు చేతులు కట్టుకుని మరిది ఉన్నాడు.

“మేజిస్ట్రేటు అనుమతి ఇచ్చారు, సరే. కానీ ఇంటి మనిషిగా చెప్తున్నాను, పరువు పోగొట్టుకోకండి. కాలిన గోడౌన్లు వేరు, హత్య వేరు.”

“నీ పరువా, నా పరువా?”

“ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు కదా.”

“అందుకే జాగ్రత్తగా చూడనీ” అని ఆమె సీలు వైపు చెయ్యి చూపింది.

తాళం తీసింది చనిపోయిన పెద్దాయన తమ్ముడు. పనివాళ్ళు చిన్నాయన అంటారు. అన్న పోయిన నాటినుంచి ఆయన భుజాలు వంగిపోయాయి. అయినా లోపలికి రాగానే చెయ్యి అలవాటుగా దగ్గరున్న పలక మీదికి పోయింది. వేళ్ళతో తడిమి నాలుక చప్పరించాడు.

“ఇదీ ఆ అమ్మాయి నిర్వాకమే అనుకుంటా. చూడండి, పైన అతికించిన పొర ఎలా లేచిపోయిందో. శనివారం అతికించిన సరుకంతా పోయింది.”

“అంతానా?” డిటెక్టివ్ పలకల మధ్యకి నడిచింది.

“అంతా కాదు. పై అరల్లోవి. కిందవి బాగానే ఉన్నాయి.”

“ఆదివారం చూశారా వీటిని?”

“సాయంత్రం చూశాను. అన్నయ్యా నేనూ కలిసే చూశాం. నున్నగా అద్దంలా ఉన్నాయి.”

ఆమె తల పైకెత్తింది. కప్పు కింద వేడిగాలి గొట్టం సాగుతోంది. దాని నోళ్ళన్నీ పై అరల వైపే తెరుచుకుని ఉన్నాయి. గొట్టానికి దగ్గరున్న పలకలు బాగా విచ్చుకున్నాయి, దూరం పోయేకొద్దీ తక్కువ. ఒక అరగంట వేడికి ఇలా కావు అని చిన్నాయనే అన్నాడు, ఆమె అడగకముందే. “రాత్రంతా పొయ్యి మీద పెట్టినట్టున్నాయండీ” అన్నాడు.

ఇన్స్పెక్టర్ నవ్వాడు. “జిగురు కల్తీ అయ్యుంటుంది. చెక్కలు సాక్ష్యం చెప్పవు వదినా.”

“మనుషులు చెప్పినప్పుడు నువ్వు రాసుకోలేదుగా. చెక్కల్ని అడుగుతున్నాను.”

హీటరు చివరి గోడ దగ్గర బూడిదరంగు బీరువాలా నిలబడి ఉంది. డిటెక్టివ్ దాని పక్కనున్న పెట్టె మూత విప్పించి, టార్చి నోట పట్టుకుని లోపలికి వంగింది. వైర్లు జడ అల్లినట్టు పొందిగ్గా ఉన్నాయి. ప్రతి వైరు కొసకీ చిన్న రాగి టోపీ తొడిగి ఉంది. ప్రతి మర మీదా, దాన్ని బిగించిన బద్ద మీదా కలిసేలా సన్నని ఎర్ర గీత. ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. అన్నీ తిన్నగా ఉన్నాయి. రెండు మాత్రం విరిగిపోయాయి. గీత సగం మర మీద ఒక దిక్కుకి, సగం బద్ద మీద ఇంకో దిక్కుకి.

“ఇటు రా” అంది. “ఇవి రెండూ ఏంటో చదువు.”

ఇన్స్పెక్టర్ వంగి చూశాడు. పెట్టె మూతకి లోపల అంటించిన బొమ్మలో ఆ రెండు మరలూ టైమర్, థర్మోస్టాట్‌ల దారికి మొదలూ చివరా. ఆయన నిటారుగా లేచాడు.

ఆమె పట్టకారుతో రెండో మర కింద నుంచి వెంట్రుకంత రాగి పోగుని లాగింది. టోపీ లేని పచ్చి వైరుని తొందరలో లాగేస్తే తెగి మిగిలిపోయిన పోగు. కవర్లో వేసి, కవరు మూతి అంటించింది.

“ఆ గీతలు ఆ పిల్లే విరిచి ఉండొచ్చు” అన్నాడు ఇన్స్పెక్టర్. “పెట్టె ఆమెదే. వైరు బిగించడం ఆమెకే వచ్చు. రాత్రంతా మండించి, తెల్లారి వచ్చి తీసేసింది. ఇంకా గట్టిగా ఇరుక్కుంది మీ మనిషి. థ్యాంక్స్.”

తెలివి లేనివాడేం కాదు. ఆ మాటకి ఆమెకు చిన్నగా మెచ్చుకోలు కూడా కలిగింది.

“అయితే ఒక పని చేద్దాం. హీటరు వెయ్యండి.”

చిన్నాయన స్విచ్చు వేశాడు. లోపల బుస్సుమని కొలిమి అంటుకుంది. కాసేపటికి ఫ్యాను కదిలింది, గొట్టంలో గాలి సర్దుకుంటూ బయల్దేరింది. పనివాళ్ళ బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. మెడకి వెచ్చగా తగలడం మొదలయ్యాక డిటెక్టివ్ లేచింది. ముందు టైమర్‌తో ఆపింది. కొలిమి ఆగింది. ఫ్యాను మాత్రం తన ధోరణిలో తాను తిరుగుతూ, తిరుగుతూ, లోపల చల్లారాక ఆగింది. మళ్ళీ వేస్తే మారు మాట్లాడకుండా వెలిగింది.

“ఇది పద్ధతి. ఇప్పుడు చూడు.”

బాగా కాగనిచ్చి, గోడ మీద ‘దీన్ని ఆర్పకూడదు’ అన్న కాగితం కింద స్విచ్చుని ఠక్కున దించేసింది. గదంతా ఒక్కసారిగా మూగబోయింది. కొంతసేపు ఏమీ లేదు. ఇన్స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. అప్పుడు హీటరు లోపలి నుంచి టక్కుమని శబ్దం వచ్చింది, ఎవరో గొళ్ళెం పెట్టినట్టు. ఆమె స్విచ్చు తిరిగి పైకి లేపింది. ఎర్ర లైటు వెలిగింది. కొలిమి వెలగలేదు.

“సోమవారం ఆ పిల్లకి కనిపించింది ఇదే. ఇప్పుడు చెప్పు. ఈ స్విచ్చు ఆర్పకూడదని ఈ కార్ఖానాలో అందరికంటే బాగా తెలిసింది ఎవరికి? రాసి అంటించింది ఎవరు? తనే చేసుంటే ముక్క వైరు తీసేసేది, కొలిమి ఆగేది, ఫ్యాను చల్లార్చేది, ఆ తర్వాత ఏ గుర్తూ మిగిలేది కాదు. ఇది చేసినవాడికి వైరు కలపడం వచ్చు, హీటరు సంగతి తెలీదు. సగం తెలిసినవాడు. తెల్లవారకముందే తిరిగొచ్చి, కరెంటు అంటే భయం కాబట్టి వైరు తీసే ముందు మెయిన్ ఆర్పాడు.”

చిన్నాయన నోరు కొంచెం తెరుచుకుంది. “మరి ఎందుకండీ రాత్రంతా వేడి చెయ్యడం?”

“మీ అన్నగారు చల్లబడకుండా.”

ఆ మాట అనవలసి వచ్చినందుకు ఆమెకే కష్టంగా తోచింది. చిన్నాయన బెంచీ అంచు పట్టుకున్నాడు. ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసి, మరిది వైపు తిరిగి చెప్పింది.

“డాక్టరుతో ఇందాక ఫోన్లో మాట్లాడాను. ఒళ్ళు వెచ్చగా ఉంది, కాళ్ళూ చేతులూ మాత్రం కొయ్యలా బిగుసుకుపోయాయి, ఈ రెండూ ఒకదానికొకటి పొసగడం లేదు అని రిపోర్టులో రాశాడట. నువ్వు ఫైల్లో పెట్టావు, చదవలేదు. చల్లటి గదిలో అయితే ఒంట్లో వేడి ఉందంటే ఇప్పుడే పోయాడని అర్థం. కొలిమిలాంటి గదిలో అయితే ఆ లెక్క పనికిరాదు. పెద్దాయన తెల్లవారుజామున పోలేదు. ముందురోజు సాయంత్రమే పోయాడు. ఆ పిల్ల వచ్చేసరికి ఒక రాత్రి గడిచిపోయింది. సోమవారం ఆ పిల్ల వస్తుందని తెలిసినవాడే ఈ ఉచ్చు ఆమె కోసం పన్నాడు.”

ఇన్స్పెక్టర్ ఎదురు చెప్తాడని చూసింది. ఎదురు చెప్పడం ఆయనకి ఊపిరి పీల్చడం లాంటిది. ఈసారి ఆయన చూపు ఆమె చేతిలోని కవరు మీదే ఉంది.

“ఆదివారం సాయంత్రం మీరెక్కడున్నారు?” అని చిన్నాయనని అడిగింది.

“పలకలు చూశాక ఇంటికెళ్ళిపోయాను. అన్నయ్యే వెళ్ళమన్నాడు. ఎవరో వస్తున్నారన్నాడు.”

“ఎవరు?”

“పేరు చెప్పలేదండీ. ‘డ్యూటీ దిగి వస్తాడు, నువ్వుంటే నోరు విప్పడు’ అన్నాడు.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. “ఈ మాట నేను దాచలేదు. ఇన్స్పెక్టర్ గారికి మొదటి రోజే చెప్పాను. తెల్లవారుజామున పోయినవాడికి సాయంత్రం ఎవరొస్తే ఏంటి అన్నారు.”

డిటెక్టివ్ వెంటనే తిరగలేదు. ఎర్ర లైటు వైపే చూస్తూ, “మీరు కాసేపు బయట కూర్చోండి” అంది. చిన్నాయన వెళ్ళాడు. ఆయన అడుగుల చప్పుడు వాకిలిదాకా పోయి ఆగింది.

“ఆ కవరు నాకివ్వండి వదినా” అన్నాడు మరిది. గొంతు మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఉండటమే ఆమెకు నచ్చలేదు. “సాక్ష్యం పోలీసుల దగ్గర ఉండాలి.”

“ఉంటుంది. నీ దగ్గర కాదు. ఆదివారం సాయంత్రం నువ్వెక్కడున్నావు?”

ఆయన కవరు కోసం చెయ్యి చాపాడు. ఆమె అడిగిన మాటే మళ్ళీ అడిగింది, ఈసారి నెమ్మదిగా.

“ఇక్కడే” అన్నాడు. “పిలిచాడు, వచ్చాను. మాటా మాటా అనుకున్నాం. ఎనిమిదింటికి వెళ్ళిపోయాను. నేను వెళ్ళేటప్పటికి నిక్షేపంలా ఉన్నాడు.”

“ఎవరు చూశారు?”

“ఎవరూ లేరు.”

కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో ఒక రాత్రి ఫ్యూజు పోతే, ముక్క వైరు చుట్టి ఇల్లంతా వెలిగించింది ఈ మరిదే. అప్పుడింకా మీసం రాలేదు. ముందు మెయిన్ ఆర్పి, కుర్చీ ఎక్కి, వైరు చుట్టి, ‘చూశారా వదినా’ అని గర్వంగా దిగాడు. ఆ చేతికి అన్నం పెట్టింది తనే. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసింది తనే.

ఆయన ఒక అడుగు ముందుకేశాడు. “ఆ పిల్లని ఈ రోజే వదిలేస్తాను. ఎవరూ దొరకలేదని కేసు మూసేద్దాం. మీకు కావలసింది ఆమె బయటికి రావడమే కదా. ఇవ్వండి. అన్నయ్య ఉండి ఉంటే ఇంటి సంగతి వీధిలోకి పోనిచ్చేవాడా?”

“మీ అన్నయ్య ఉండి ఉంటే ఈపాటికి నీకు బేడీలు పడేవి.”

ఆమె కవరుని రెండుగా మడిచి జాకెట్టు లోపలికి దోపుకుంది. వాకిలికీ తనకీ మధ్య ఆయన ఉన్నాడు. ఆయన చెయ్యి బెల్టు మీదికి పోవడం కనిపిస్తూనే ఉంది. వెనకడుగు వెయ్యలేదు. పక్కనున్న బెంచీని కాలితో లాగి ఇద్దరి మధ్యా పెట్టింది.

“కూర్చో” అంది. “ఆయన నిన్ను ఎందుకు పిలిచాడో మొదటి నుంచి చెప్పు. ‘వదినా’ అని మాత్రం మొదలుపెట్టకు.”